ఇంటి బడిలో లోకచరిత్ర

చరిత్ర పాఠము బడిలో చెప్పవలసినది గదా, ఇంటిలో దాని ప్రసక్తి యేమిటని కొందరు మిత్రులు మమ్ము అడిగినారు. వారికి జవాబుగా ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను చదివి, ఒక ఆఫీసులో గుమాస్తాగా లెక్కలు వ్రాసుకుంటూ హోసూరులో కాపురమున్నవారము. మా ఇంటావిడది కృష్ణగిరి. ఇంటిలో తెలుగు, ఆఫీసులో తమిళము, సంతలో కన్నడము మా వ్యవహారము. మతమునకు కతోలికులము. ఈ పత్రిక చదివేవారిలో మా మతమువారు కొద్దిమందే. అయినా మేము చెప్పబోయే చిక్కు ఏ మతమువారి ఇంటిలోనైనా రాగలదు గనుక ఓపికతో చదువవలెనని మనవి.

మూడేండ్ల క్రిందటి మాట. మా పెద్దమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. ఒకనాటి సాయంకాలము బడినుండి వచ్చి, సంచి కూడ దించకుండా, “నాయనా, భూమి తిరుగుతాదని చెప్పినందుకు గెలీలియోను మన శ్రీసభవాళ్ళే శిక్షించినారంట, నిజమేనా?” అని అడిగినది. మేము అప్పుడే ఆఫీసునుండి వచ్చి కాఫీ త్రాగుతున్నాము. “అవన్నీ మనమంటే గిట్టనివాళ్ళు వ్రాసినవిలే, పోయి కాళ్ళు కడుక్కో” అని తోసివేసినాము. పిల్ల మారు మాటాడలేదు. వారము తిరిగేలోగా గ్రంథాలయములో పుస్తకము చూచి అది నిజమేనని తెలుసుకొన్నది. మాతో చెప్పలేదు, వాళ్ళమ్మతో చెప్పినది. “నాయన తెలియక చెప్పినాడా, తెలిసే చెప్పినాడా?” అని అడిగినదట.

ఆ మాట చెవిని పడిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నిజము చెప్పవలెనంటే సగము తెలిసీ సగము తెలియకా చెప్పినాము. అటుపై నాలుగు నెలలు ఆ పిల్ల మమ్ము చరిత్రను గురించి గాని, దేవుని గురించి గాని ఒక్క ప్రశ్న అడుగలేదు. రాత్రి జపమాలకు వచ్చి కూర్చునేది, పెదవులు కదిలించేది, లేచి పోయేది. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే మనకు కోపము వస్తుంది. అడగడమే మానితే భయము వేస్తుంది. ఆ భయమే మా ఇంటి బడికి మూలము.

ఏమి చేయవలెనా అని ఆలోచించి, మాకు చేతనైన విద్యనే ఎత్తుకున్నాము. అంగడిలో పొడుగాటి లెక్కల పుస్తకమొకటి కొని తెచ్చినాము. ఎడమ పేజీకి జమ, కుడి పేజీకి ఖర్చు. మా శ్రీసభ లోకమునకు చేసిన మేలు జమలోను, చేసిన కీడు ఖర్చులోను వ్రాయవలెను. ప్రతిదానికీ సంవత్సరము వేయవలెను. సంవత్సరము తెలియనిది పుస్తకములోకి ఎక్కరాదు. ఆదివారము పూజ నుండి వచ్చి ఇడ్లీలు తిన్న తరువాత ఒక గంట ఈ పని. వ్రాత అంతా తెలుగులోనే.

మొదటి ఆదివారము మేమే కలము పట్టుకొని, పిల్ల ఎదుట ఖర్చు పేజీలో మొదటి పద్దు వ్రాసినాము: “1633. గెలీలియోకు రోములో శిక్ష. బ్రతికినన్నాళ్ళు ఇంటిలోనే కావలి. 1642లో మరణము.” దాని క్రింద, “ఈ సంగతి అడిగినప్పుడు నాయన తప్పు చెప్పినాడు” అని కూడ వ్రాసినాము. పిల్ల ఆ వాక్యము రెండుమార్లు చదివి, యేమీ అనక, పుస్తకము తనవైపుకు జరుపుకున్నది. తరువాత జమ పేజీలో తానే వెదకి వ్రాసినది. సూర్యుని చుట్టూ భూమి తిరుగుతున్నదని 1543లో గ్రంథము వెలువరించిన కోపర్నికసు ఒక దేవాలయములో అధికారిగా వుండినవాడు, ఆ గ్రంథమును అప్పటి పోపుగారికే అంకితమిచ్చినాడు. విశ్వము విస్తరిస్తున్నదని 1927లో లెక్కకట్టి చూపిన లెమైత్రె బెల్జియము దేశపు గురువు. గెలీలియో విషయములో పొరపాటు జరిగినదని 1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు బహిరంగముగా ఒప్పుకున్నారు. ఈ చివరి పద్దు జమలో వేయవలెనా, ఖర్చులోనా అని తండ్రీబిడ్డలము అరగంట వాదులాడినాము. నాలుగు నెలల తరువాత ఆ పిల్ల మాతో వాదులాడిన మొదటి రోజు అది.

మా అమ్మకు ఈ పద్ధతి నచ్చలేదు. “మన తప్పులు మనమే చెప్పుకుంటే పిల్లలకు విశ్వాసం నిలుస్తాదా?” అన్నది. “అవ్వా, నెలకొకసారి గుడిలో పాపసంకీర్తనం చేస్తావే, అది మన తప్పు మనం చెప్పుకోవడం కాదా?” అని మా చిన్నవాడు అన్నాడు. వాడికి పదేండ్లు. అవ్వ నవ్వి ఊరుకున్నది. 2000 మార్చి 12న పోపుగారు రోములో పూజ చేస్తూ, శ్రీసభ బిడ్డలు వేల యేండ్లలో చేసిన పాపములకు దేవుని క్షమాపణ వేడుకున్న సంగతి మేము చదివి వినిపించినాము. అప్పటినుండి ఆమె కూడ పీట వేసుకొని కూర్చుంటున్నది.

లోకచరిత్ర అనగానే ఎక్కడో దూరదేశముల సంగతి అనుకుంటాము గాని, మన హోసూరు, కృష్ణగిరులలోనే దానికి గుమ్మములున్నవి. కారన్‌వాలిస్ దొర 1781 అక్టోబరులో అమెరికాలోని యార్క్‌టౌనులో వాషింగ్టను సేనకు లొంగిపోయినాడు. అదే దొర 1786లో గవర్నరు జనరలుగా ఇండియాకు వచ్చి, 1791లో టిప్పుపై యుద్ధములో మన హోసూరు కోటను పట్టుకొన్నాడు. అదే యేడు కృష్ణగిరి పై కోటమీదికి పోయిన ఇంగ్లీషు సేన దానిని పట్టలేక వెనుదిరిగినది. 1792 సంధిలో కృష్ణగిరితో కూడిన బారామహలు కంపెనీకి పోయినది. హోసూరు మాత్రము 1799లో టిప్పు పడిన తరువాతనే కంపెనీ పాలనలోకి వచ్చినది. “అంటే అమ్మ ఊరు నాయన ఊరికన్నా ఏడేండ్లు ముందు కంపెనీ చేతికి పోయిందన్నమాట” అని మా చిన్నవాడు లెక్క తేల్చినాడు. ఆ తేదీలు వాడు ఇక మరువడు.

గోడ క్యాలండరు కూడ ఒక పాఠమే. 1582లో పదమూడవ గ్రెగరీ పోపుగారు పంచాంగము దిద్దినప్పుడు, అక్టోబరు 4 తరువాతి రోజును 15గా లెక్కించినారు. అవిలా తెరేసమ్మగారు చనిపోయినది సరిగా ఆ రాత్రే. ఇంగ్లీషువారు ఈ పంచాంగమును 1752 దాకా ఒప్పుకోలేదు. నేడు మతభేదము లేకుండా లోకమంతా అదే చూచుకొని జీతాలు తీసుకుంటున్నది. ఇది జమ పేజీలో పడినది.

తెలుగువారికి మరింత దగ్గరి సంగతి ఒకటున్నది. యేసుసభకు చెందిన కూర్దూ స్వామి ఫ్రాన్సు దేశస్థుడు, 1691లో జన్మించినవాడు. 1732లో మన దేశమునకు వచ్చి, అనంతపురము సీమలోని కృష్ణాపురము మొదలైన చోట్ల తెలుగువారి మధ్య వుండి, తెలుగు, సంస్కృతము నేర్చి, తెలుగు నిఘంటువు కూర్చినాడు. సంస్కృతము, లాటిను, గ్రీకు ఒకే వంశపు భాషలని 1767లో పారిసు పండితులకు జాబు వ్రాసినాడు. మన ‘దానము’ లాటినులో ‘దోనుం’, మన ‘విధవ’ అక్కడ ‘విదువ’. విలియం జోన్సు దొర ఇదే మాట కలకత్తాలో చెప్పి పేరు పొందినది 1786లో. స్వామిగారి జాబు అచ్చుకెక్కినది 1808లో. నడుమ 1773లో పోపుగారే యేసుసభను రద్దు చేసినారు, 1814లోగాని అది తిరిగి లేవలేదు.

ఈ కథకు తోక వున్నది. ఫ్రెంచి విప్లవపు రోజులలో, 1792లో, ఇండియాకు బయలుదేరి వచ్చిన దుబ్వా స్వామి మైసూరు సీమలో పనిచేసి, మశూచికి టీకాలు వేయించి మంచి పేరు తెచ్చుకున్నాడు. హిందువుల ఆచారములను గురించి ఆయన ఇచ్చిన వ్రాతప్రతిని కంపెనీవారు డబ్బిచ్చి కొని, 1816లో ఇంగ్లీషులో అచ్చువేసినారు. అది చాల ప్రసిద్ధమైనది. అయితే అందులో పెక్కు భాగము కూర్దూ స్వామి వ్రాతకే రూపాంతరమని సిల్వియా మూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు 1987లో ప్రకటించినారు. ఒకే మనిషి పేరు టీకాలతో జమలోను, పుస్తకముతో ఖర్చులోను పడినది. “మంచివాళ్ళు కూడ ఇట్లా చేస్తారా?” అని చిన్నవాడు అడిగినాడు. చేస్తారు నాయనా, అందుకే రెండు పేజీలు పెట్టినామని చెప్పినాము.

అన్నిటికన్న కష్టమైన పాఠము కృష్ణగిరిలో వచ్చినది. సెలవులలో సయ్యద్ పాషా కొండ మీది కోట చూపడానికి పిల్లలను తీసుకుపోయినాము. మా పక్కింటి మహమ్మదీయుల పిల్లవాడు, మా చిన్నవాని జతగాడు, వెంట వచ్చినాడు. కొండపైనున్న దర్గాకు వాడు దండము పెట్టుకొని వచ్చి మాతో కూర్చున్నాడు. సరిగా అప్పుడే మా అమ్మాయి, “నాయనా, 1784లో టిప్పు మంగుళూరు క్రైస్తవులను శ్రీరంగపట్నానికి తోలుకొని పోయినాడు గదా, ఆ సంగతి చెప్పు” అన్నది. మాకు నోరు పెగలలేదు. చెప్పకుంటే మళ్ళీ గెలీలియో కథే. చెబితే ఎదుట కూర్చున్న పిల్లవాని మనసు యేమవుతుంది?

కొంతసేపు కోటగోడను చూస్తూ కూర్చొని, గోవానుండి మొదలుపెట్టినాము. 1560లో పోర్చుగీసువారు గోవాలో మతవిచారణ సభ పెట్టి, హిందువులనూ, యూదులనూ, తమలోకి వచ్చిన కొత్త క్రైస్తవులనూ హింసించినారు. 1812 దాకా అది పూర్తిగా పోలేదు. మతము పేరుతో మన రాజులు చేసినదది. తరువాత 1784 విభూతి బుధవారమునాడు పట్టుబడినవారి కష్టము, దారిలోను చెరలోను చచ్చినవారి సంగతి, 1799లో బ్రతికిబయటపడినవారి సంగతి దాచకుండా చెప్పినాము. ఇంగ్లీషువారికి తోడ్పడినారన్న అనుమానము అందుకొక కారణమని కూడ చెప్పినాము. రాజు చేసిన పనికి అతని మతమువారి బిడ్డలు జవాబుదారులు కారని, గోవాకు మనమెట్లా కామో అట్లాగేనని ముగించినాము. పక్కింటి పిల్లవాడు చాలాసేపు మాటాడలేదు. దిగి వచ్చేటప్పుడు, “మామా, ఆ పుస్తకంలో మావాళ్ళకు కూడ జమ పేజీ వుందా?” అని అడిగినాడు. లేదు. అంతవరకు మాకు తోచనే లేదు. మరునాడే అట్టి పుస్తకము మరొకటి కొని వానికిచ్చినాము. వాడు వాళ్ళ తాతను అడిగి వ్రాసుకుంటున్నాడు.

ఇందులో మాకు కలిగిన మరొక లాభము తెలుగు. 2006 నాటి తమిళ బోధన చట్టము తరువాత మన పిల్లల పరీక్షల భాషను గురించి కోర్టుల దాకా పోయిన సంగతి మీరందరు ఎరుగుదురు. అది పెద్దలు చూచుకోవలసిన పని. ఇంటిలో పిల్లచేత వారమునకు ఒక పేజీ తెలుగు వ్రాయించడము మన చేతిలో వున్న పని. తమిళములో క, గ లకు ఒకే అక్షరము గనుక మావాడు మొదట ‘భూమి’ని ‘పూమి’ అని, ‘గోవా’ను ‘కోవా’ అని వ్రాసేవాడు. కోవా తినేది, గోవా పోయేది అని అవ్వ దిద్దినది. ఇప్పుడు ఒత్తులు కూడ తప్పక వేస్తున్నాడు.

చేయదలచినవారికి మా అనుభవము రెండు మాటలలో చెబుతాము. గంటకు మించవద్దు. మీ ఊరి కోట, చెరువు, గుడి, సమాధి యేదైనా ఒకటి చూపించి అక్కడినుండి దేశములకు పోండి. తెలియనిది తెలియదని చెప్పి, వచ్చే వారము చదివి వచ్చి చెప్పండి. మీ పెద్దల మంచిని వ్రాసిన చేతితోనే వారి తప్పునూ వ్రాయండి. ఖర్చు చూపని లెక్కను మా ఆఫీసులో ఆడిటరు ఒప్పుకోడు. ఇంటిలో పిల్లలు ఆడిటరుకన్న గట్టివారు.

మా పెద్దమ్మాయి ఇప్పుడు ప్లస్ టూ. పోయిన ఆదివారము ఒక ప్రశ్న వేసినది. ఇటలీనుండి వచ్చి 1606లో మధుర చేరిన దె నోబిలి స్వామి కాషాయము కట్టి, మన భాషలు నేర్చి, మనవారితో మనవాడై వుండినాడు. క్రైస్తవులైనవారు జంధ్యము, పిలక వుంచుకోవచ్చునని 1623లో పోపుగారు అనుమతి ఇచ్చినారు. ఇది మేము యేనాడో జమలో వ్రాసిన పద్దు. “నాయనా, జంధ్యానికి తలుపు తీసినప్పుడే కులానికి కూడ తలుపు తీసినట్లు కాదా? గుడిలో కూడ వేరు వేరుగా కూర్చున్నారే, అది ఎక్కడినుండి వచ్చింది?” అని అడిగినది.

జవాబు మావద్ద సిద్ధముగా లేదు. “వచ్చే ఆదివారం దాకా గడువియ్యమ్మా” అన్నాము. పిల్ల పుస్తకము తీసి, ఆ పద్దు ప్రక్కన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, పూజకు చీర కట్టుకోవడానికి లోపలికి పోయినది. మేము ఈ వారమంతా చదువుకుంటున్నాము.