కుళ్లడం కాదు... పులియడం!

సన్నగా తరిగిన క్యాబేజీ, పక్కనే కాస్త ఉప్పు. స్టవ్ లేదు, నూనె లేదు, పోపు లేదు. చూడబోతే వంట పాఠంలానే ఉండదు! అమెరికాలో పర్యావరణహిత జీవనం గురించి జరిగే సంతల్లో సోలార్ పొయ్యిలు, కంపోస్టు ఎరువుల మధ్య ఇలాంటి బల్ల ఒకటి తరచూ కనిపిస్తుంది. చుట్టూ చేరినవాళ్లు నేర్చుకునేది 'సార్‌క్రౌట్'. అంటే, పులియబెట్టిన క్యాబేజీ.

ఈ పాఠానికి అక్కడ బాగా పేరు తెచ్చిన వ్యక్తి శాండర్ కాట్జ్. న్యూయార్క్‌లో పెరిగిన ఆయనకు 1991లో హెచ్‌ఐవీ ఉన్నట్టు తెలిసింది. రెండేళ్ల తర్వాత నగరం వదిలి, టెనెసీ రాష్ట్రంలో అందరూ కలిసి ఉండే ఓ పల్లె నివాసంలో చేరారు. అక్కడి తోటలో క్యాబేజీలన్నీ ఒకేసారి కోతకొచ్చాయి. అన్నీ ఏం చేసుకోవాలి? అలా పులియబెట్టడం నేర్చుకున్నారు. 1998లో సీక్వాచీ వ్యాలీ ఇన్‌స్టిట్యూట్ పిలిస్తే వెళ్లి మొదటిసారి పదిమందికీ నేర్పారు. అప్పుడే ఆయనకో సంగతి అర్థమైంది. జనాన్ని ఆపుతున్నది పని రాకపోవడం కాదు, భయం! ఫ్రిజ్‌లో పెట్టకుండా రోజుల తరబడి ఉంచింది తినడమా? మంచి బ్యాక్టీరియా బదులు చెడ్డది పెరిగితే? 2003లో 'వైల్డ్ ఫెర్మెంటేషన్' పుస్తకం రాశాక కూడా ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. అన్నట్టు, పులిసిన ఆహారం తనకు మేలు చేసిందంటారే గానీ, హెచ్‌ఐవీకి అది మందని ఆయన చెప్పరు. మందులు వాడుతూనే ఉన్నారు.

ఉప్పే కాపలా

భయానికి జవాబు ఆ గిన్నెలోనే ఉంది. కిలో క్యాబేజీకి సుమారు 20 గ్రాముల ఉప్పు. కలిపి రెండు చేతులతో గట్టిగా పిసికితే కాసేపటికే నీరు ఊరుతుంది. గాజు సీసాలో అదిమి అదిమి కూరాలి. ముక్కలన్నీ ఆ నీళ్లలో మునిగి ఉండటమే అసలు కిటుకు. పైకి తేలిన ముక్కకే గాలి తగిలి బూజు పడుతుంది. ఆకుల మీద సహజంగా ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాకు గాలి అక్కర్లేదు, ఆ కాస్త ఉప్పూ అడ్డు కాదు. క్యాబేజీలోని చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. పులుపు పెరిగేకొద్దీ చెడ్డవాటికి చోటుండదు. పీహెచ్ 4.6 కంటే తగ్గితే బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా కూడా పెరగలేదు.

మూత బిగించి మర్చిపోతే గ్యాసు చేరి సీసా పగలొచ్చు. అందుకే రోజూ ఓసారి వదులు చేయాలి. పైన తెల్లగా పల్చటి పొర కడితే తీసేస్తే సరి. రంగురంగుల బూజో, కుళ్లు వాసనో ఉంటే మొత్తం పారేయాల్సిందే. ఎన్నాళ్లు ఉంచాలంటే వారం కావచ్చు, నెల కావచ్చు. రుచి చూసి మీరే చెప్పాలి. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం ఇందులోని ఉప్పును లెక్కలో వేసుకోవాలి.

ఇక్కడో తమాషా. క్యాబేజీలో ముందుగా పనిలోకి దిగే బ్యాక్టీరియా పేరు ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్. మన ఇడ్లీ పిండిని పొంగించేవాటిలోనూ ముఖ్యమైంది అదే! చలికాలంలో పిండి పొంగక, ఓవెన్‌లో లైటు వేసి అందులో గిన్నె పెట్టే అమెరికా తెలుగువాళ్లకు సగం పాఠం వచ్చేసినట్టే.

కుక్కరొచ్చింది... కుండ పోయింది

మనకూ ఓ కుండ ఉండేది. తరవాణి కుండ. అన్నం వార్చిన గంజి, బియ్యం కడుగు అందులో పోసి పులియనిచ్చేవారు. ఆ పులిసిన నీళ్లలో నానిన అన్నమే పొద్దుటి ఫలహారం. పోతన భాగవతంలో గోపబాలురు కృష్ణుడితో కలిసి ఆరగించిందీ చల్ది అన్నమే కదా! మరి ఆ కుండ ఏమైంది? ఫ్రిజ్‌ని తిట్టుకుంటాం గానీ అసలు దెబ్బ కొట్టింది ప్రెషర్ కుక్కర్. వార్చే పని పోయింది. గంజి లేదు, కుండ నిండేదెట్లా? వాసన చూసి 'ఇంకా పులవలేదు' అని చెప్పగల ముక్కు కూడా ఆ కుండతోనే పోయింది.

తరవాణి దాకా వెళ్లకపోయినా చద్దన్నం ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. వండిన అన్నాన్ని గంటల తరబడి అలా వదిలేయకుండా, గోరువెచ్చగా ఉండగానే మునిగేలా నీళ్లు పోసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టండి. ఎండాకాలమైతే తెల్లారేసరికే పులుపెక్కుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మాత్రం పొద్దున్నే కోసుకోవాలి.