గజ్జె కట్టిన చిన్నారికి రక్షణ ఏదీ?
నాట్యాలయాలు విద్యాశాఖ పరిధిలో లేకున్నా చట్టం పరిధిలోనే ఉన్నాయి

వరంగల్: సాయంత్రం అయిదు దాటితే చాలు, హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల్లో ఏదో ఒక మేడ మీది నుంచి తాళం వినిపిస్తూనే ఉంటుంది. బడి నుంచి వచ్చిన పిల్లలు పాలు తాగి, నడుముకు చున్నీ బిగించి నాట్యానికి పరుగెడతారు. తండ్రి ద్విచక్ర వాహనంపై దింపి వెళతాడు, గంటన్నర తర్వాత తల్లి వచ్చి తీసుకెళుతుంది. ఆ గంటన్నరలో లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే అలవాటు మనకు లేదు.

అడగకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, గౌరవం. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయప 13వ శతాబ్దంలో 'నృత్తరత్నావళి' రచించిన గడ్డ ఇది. రామప్ప శిల్పాలను చూసి, ప్రాచీన గ్రంథాలను శోధించి నటరాజ రామకృష్ణ పేరిణికి తిరిగి ప్రాణం పోశారు. అటువంటి చోట నాట్యాచార్యులకు దక్కే మర్యాద సామాన్యమైనది కాదు. గురువును ప్రశ్నించడం అపచారమనే భావన ఇక్కడి ఇళ్లలో బలంగా నాటుకుంది. గురువులలో అత్యధికులు ఆ మర్యాదకు తగినవారే. అయితే పిల్లలకు హాని తలపెట్టే మనిషి వెతుక్కునేది కూడా సరిగ్గా ఇలాంటి చోటునే. ఎవరూ ప్రశ్నించని స్థానం అతనికి మరెక్కడా అంత సులువుగా దొరకదు.

ఎందుకీ ప్రత్యేక జాగ్రత్త?

లెక్కల తరగతిలో ఉపాధ్యాయుడు విద్యార్థిని తాకవలసిన పని లేదు. నాట్యంలో అలా కుదరదు. అరమండిలో మోకాళ్లు విచ్చుకోకపోతే సరిచేయాలి, వెన్ను వంగితే నిలపాలి, మోచేయి జారితే ఎత్తి చూపాలి. శరీరమే ఇక్కడ పలక, శరీరమే బలపం. కాబట్టి ఏ స్పర్శ పాఠం కోసం, ఏ స్పర్శ మరో ఉద్దేశంతో అన్నది తేల్చుకోవడం ఎనిమిదేళ్ల పాపకు సాధ్యం కాదు. ఏదో తేడాగా అనిపించినా 'నాట్యం నేర్పడమంటే ఇంతేనేమో' అనుకుని ఊరుకుంటుంది. ఇంట్లో చెప్పినా 'మాస్టారు అడుగు సరిచేసి ఉంటారులే' అన్న జవాబు ఎదురవుతుంది.

దీనికి తోడు ప్రదర్శనలున్నాయి. శివరాత్రికో, దేవీ నవరాత్రులకో ఆలయ ప్రాంగణంలో కార్యక్రమం ఉంటే నెల ముందు నుంచీ సాధన పొద్దుపోయేదాకా సాగుతుంది. వేదిక వెనుక దుస్తులు మార్చుకునే చోటు చాలాసార్లు నాలుగు చీరలు కట్టిన మూల మాత్రమే. అలంకరణ చేసేవారు, వాద్యకారులు, ఫొటోగ్రాఫర్లు, నిర్వాహకుల బంధువులు అందరూ అటు ఇటు తిరుగుతుంటారు. పరాయి ఊళ్లో పోటీలంటే రైలు ప్రయాణం, లాడ్జీలో బస. తల్లిదండ్రుల్లో అందరూ వెంట వెళ్లలేరు. వెళ్లిన ఒకరిద్దరికే పాతికమందిని అప్పగిస్తారు. ఏ గదిలో ఎవరున్నారో రాత్రి పదింటికి చూసే నాథుడుండడు.

చెన్నై నేర్పిన పాఠం

పేరున్న సంస్థల్లో ఇటువంటివి జరగవన్న నమ్మకం 2023లో చెదిరింది. రుక్మిణీదేవి అరుండేల్ 1936లో నెలకొల్పిన కళాక్షేత్ర, 1993లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా గుర్తింపు పొందింది. భరతనాట్యానికి అది పుట్టినిల్లు వంటిది. బోధన సిబ్బందిపై లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చినపుడు అంతర్గత విచారణలో నిరాధారమని తేలినట్లు సంస్థ ప్రకటించింది. విద్యార్థులు ఒప్పుకోలేదు. 2023 మార్చి చివరిలో ఆవరణలోనే బైఠాయించారు. తమిళనాడు మహిళా కమిషన్ అధ్యక్షురాలు స్వయంగా వెళ్లి వారి గోడు విన్నారు. పూర్వ విద్యార్థిని ఫిర్యాదుపై ఏప్రిల్ 3న ఒక అధ్యాపకుడిని పోలీసులు అరెస్టు చేశారు. అనంతరం విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.కణ్ణన్ నేతృత్వంలో స్వతంత్ర విచారణ సంఘాన్ని నియమించారు.

అక్కడ గొంతెత్తిన వారు కళాశాల స్థాయి యువతీయువకులు. సంఘటితంగా కూర్చోగలిగారు, పత్రికల వారితో మాట్లాడగలిగారు. మన వీధిలోని నాట్యాలయంలో మూడో తరగతి చదివే పాప ఏ గేటు ముందు బైఠాయిస్తుంది? పైగా చిన్న నాట్యాలయాల్లో గురువే యజమాని, ఆయన భార్యో తమ్ముడో గుమస్తా. ఫిర్యాదు చేయాలంటే ఎవరిపై చేయాలో వారికే చేయాల్సిన పరిస్థితి.

మాట పెగలని వారు

ప్రమాదం అందరికీ సమానంగా ఉండదు. ఫీజు కట్టలేని పిల్లలకు ఉచితంగా నేర్పే గురువులు మన వద్ద చాలామంది ఉన్నారు. అది గొప్ప సేవ. కానీ ఆ పిల్లల తల్లిదండ్రుల తలపై కృతజ్ఞతాభారం ఉంటుంది. ఉచితంగా నేర్పుతున్న మనిషిపై నోరెత్తడానికి వారికి ధైర్యం చాలదు. వసతిగృహాల్లో ఉండి వచ్చే పిల్లలకు ఇంటికి వెళ్లగానే చెప్పుకునే అమ్మ ఉండదు. వినికిడి లోపం ఉన్న చిన్నారులు, మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్నవారు కూడా నాట్యం నేర్చుకుంటున్నారు. వారి సైగలు అర్థమయ్యే వ్యక్తి చాలాసార్లు ఆ గురువు ఒక్కరే. అదే వారికి చిక్కు.

మగపిల్లల సంగతి ఎవరికీ తట్టదు. పేరిణి ప్రధానంగా పురుష నాట్యం. ఓరుగల్లు ప్రాంతంలో దానిని నేర్చుకునే బాలురున్నారు. మగపిల్లవాడికేం భయం అనుకుంటాం. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రిత్వశాఖ ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి నివేదిక వెలువరించింది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనట్లు చెప్పారు. అలా చెప్పిన వారిలో సగానికి మించి, 52.94 శాతం, బాలురే. వేధించిన వారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవారు లేదా పిల్లలు నమ్మిన స్థానంలో ఉన్నవారు.

చట్టం ఏం చెబుతోంది?

ప్రైవేటు పాఠశాలకు గుర్తింపు కావాలి, తనిఖీకి అధికారి వస్తారు. నాట్యాలయానికి అవేవీ లేవు. సొసైటీగా నమోదైనా, కాకున్నా బోర్డు తగిలించి తరగతులు మొదలుపెట్టవచ్చు. అందువల్ల తమను అడిగేవారు లేరని కొందరు నిర్వాహకులు భావిస్తుంటారు. ఇది పొరపాటు.

లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే చట్టం, అంటే పోక్సో, 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లలోపు బాలబాలికలందరికీ ఇది వర్తిస్తుంది. ఈ చట్టం కింద 2020 మార్చిలో కేంద్రం కొత్త నియమావళి తెచ్చింది. పిల్లలకు వసతి కల్పించే సంస్థలే కాక వారితో క్రమం తప్పకుండా సంబంధం ఉండే ఏ సంస్థ అయినా, అంటే పాఠశాల, శిశు సంరక్షణ కేంద్రం, క్రీడా అకాడమీ, పిల్లల కోసం నడిచే మరే సదుపాయమైనా, తన సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారించుకోవాలని మూడో నియమం నిర్దేశిస్తోంది. బోధించేవారు, బోధించనివారు, శాశ్వత ఉద్యోగులు, ఒప్పందంపై వచ్చేవారు అందరికీ ఇది వర్తిస్తుంది. ఒకసారి చేసి వదిలేయడం కాదు, కొంతకాలానికోసారి మళ్లీ చేయాలి. 'నాట్యాలయం' అన్న మాట అందులో లేదు. కానీ 'పిల్లల కోసం నడిచే మరే సదుపాయమైనా' అన్నపుడు వారానికి మూడు రోజులు యాభైమంది పిల్లలు వచ్చే చోటు బయట ఎలా ఉంటుంది?

నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం కలిగినా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో స్థానిక పోలీసులకో తెలపడం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు, వాద్యకారులకు కూడా ఈ బాధ్యత ఉంది. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదంటే రెండూ. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది వరకు జైలు, జరిమానా. 'సంస్థ పరువు పోతుంది, మేమే మందలిస్తాం' అనడానికి చట్టంలో తావు లేదు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఎటువంటి కేసూ ఉండదు.

పిల్లలు నమ్మే స్థానంలో, వారిపై అధికారం గల స్థానంలో ఉన్నవారు లైంగిక ఉద్దేశంతో తాకితే చట్టం దానిని తీవ్రమైన దాడిగానే పరిగణిస్తుంది. శిక్ష అయిదు నుంచి ఏడేళ్లు. దుస్తుల పైనుంచి తాకితే పోక్సో కింద లైంగిక దాడి కాదన్న బొంబాయి హైకోర్టు తీర్పును 2021 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. చర్మం తగిలిందా లేదా అన్నది కాదు, ఉద్దేశం ఏమిటన్నదే ప్రధానమని స్పష్టం చేసింది. నాట్యాలయాలకు ఈ తీర్పు ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. లైంగిక ఉద్దేశంతో పదేపదే ఫోన్ సందేశాలు పంపడమూ నేరమే, మూడేళ్ల వరకు జైలు పడుతుంది.

పద్దెనిమిది నిండిన విద్యార్థినులకు, అక్కడ పనిచేసే స్త్రీలకు 2013 నాటి పని ప్రదేశంలో వేధింపుల నిరోధక చట్టం ఆసరా. పదిమందికి తక్కువ సిబ్బంది ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండదు కాబట్టి జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా మూడు నెలల్లోపు చేయాలి.

ఇక కర్ర సంగతి. తాళం వేసే కర్రతోనే కాలిపై ఒకటి వేయడం పాతకాలం పద్ధతిగా చెల్లిపోతోంది. 'మేమూ దెబ్బలు తినే నేర్చుకున్నాం' అనే తల్లిదండ్రులే ఎక్కువ. పాఠశాలల్లో దండనను 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. నాట్యాలయం దాని కిందికి రాకపోయినా, తన అధీనంలో ఉన్న బిడ్డను కొట్టి హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ వర్తిస్తుంది. లావుగా ఉన్నావని, నల్లగా ఉన్నావని నలుగురిలో అవమానించడం కూడా చిన్న విషయం కాదు. దెబ్బకు, తిట్టుకు అలవాటు పడిన పిల్ల అంతకంటే పెద్ద హాని జరిగినా నోరు విప్పదు.

తల్లిదండ్రులు అడగాల్సినవి

పెద్ద ఖర్చు అక్కరలేదు. తరగతి జరిగేటపుడు తలుపు తెరిచి ఉండటం, లేదా బయటివారికి కనిపించేలా అద్దం ఉండటం. ఒక్క విద్యార్థికే విడిగా పాఠం చెప్పాల్సి వస్తే మరో పెద్దమనిషి అక్కడ కూర్చోవడం. భంగిమ సరిచేసే ముందు 'చేయి పట్టుకుని చూపిస్తాను' అని చెప్పి, పిల్ల ఒప్పుకున్నాకే తాకడం. చాలావరకు అద్దంలో చూపి, మాటతో చెప్పి, తాను చేసి చూపి సరిదిద్దవచ్చు. అనుభవజ్ఞులైన గురువులకు ఇది కొత్త కాదు.

ఫోన్ సందేశాలన్నీ తల్లిదండ్రులున్న బృందంలోనే రావాలి. పిల్లకు విడిగా రాత్రివేళ సందేశం వస్తే, అందులో జతుల పాఠమే ఉన్నా, అడిగి తెలుసుకోవాల్సిందే. దుస్తులు మార్చుకునే గది ముందు ఇద్దరు తల్లులు వంతులవారీగా నిలబడితే చాలు. లోపలికి ఫోన్లు, కెమెరాలు వెళ్లకూడదు. పొరుగూరు ప్రయాణానికి ముందు ఎవరు ఏ గదిలో, ఎవరి పర్యవేక్షణలో అన్నది కాగితంపై రాసి ఇవ్వమనాలి. ఇవన్నీ అడిగితే గురువుకు కోపం వస్తుందని భయపడనక్కరలేదు. ఈ నియమాలు నిజాయతీపరుడైన ఆచార్యుడిని కూడా నిందల నుంచి కాపాడతాయి. ఎంత అడిగినా తలుపు తెరవని చోట పిల్లను దింపి రావడం మాత్రం మంచిది కాదు.

టీవీ పోటీల మోజు వేరే కథ. 2017లో వచ్చిన బాలకార్మిక నియమాల ప్రకారం బాల కళాకారులతో రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. అయిదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యుడు ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరిట బ్యాంకులో వేయాలి. నాట్య పోటీల్లో పిల్లలను అసభ్యంగా చూపవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ చానళ్లకు సూచించింది. అయినా పెద్దల సినిమా పాటకు ఏడేళ్ల పాప చేత ఆడించి చప్పట్లు కొట్టడం మన పాఠశాల వార్షికోత్సవాల్లోనూ చూస్తూనే ఉన్నాం.

బిడ్డ చెబితే...

ఉన్నట్టుండి నాట్యానికి వెళ్లనని మొండికేయడం, గజ్జెలు చూస్తేనే ముడుచుకుపోవడం, ఫలానా మాస్టారు ఉన్న రోజే కడుపునొప్పి రావడం. ఇవి సోమరితనం కావచ్చు, కాకపోనూవచ్చు. తిట్టకుండా అడగాలి. బిడ్డ నోరు విప్పితే మధ్యలో అడ్డుతగలకుండా వినాలి. 'ముందే ఎందుకు చెప్పలేదు' అన్న ప్రశ్న వేయరాదు. బిడ్డను వెంటబెట్టుకుని గురువు ఇంటికి నిలదీయడానికి వెళ్లకూడదు. ఆ సందేశాలు, ఆ రోజు వేసుకున్న దుస్తులు ఉంటే భద్రపరచాలి.

1098కి పగలైనా రాత్రయినా ఫోన్ చేయవచ్చు. అత్యవసరమైతే 112. ఏ పోలీసు స్టేషన్‌కు వెళ్లినా, అది తమ పరిధి కాదని తిప్పి పంపకుండా కేసు నమోదు చేయాల్సిందే. స్టేషన్ అంటే భయపడేవారు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బిడ్డ వాంగ్మూలం ఇంటివద్దే, లేదా బిడ్డ కోరిన చోట తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. తల్లో తండ్రో, బిడ్డ నమ్మినవారో పక్కన ఉండవచ్చు. వినికిడి లోపం, ఇతర వైకల్యం ఉన్న పిల్లలకు వారి భాష తెలిసిన ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకోవచ్చు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచరాదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి.

పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేస్తారు. కోర్టులో సాక్ష్యం చెప్పేటపుడు నిందితుడి ముఖం బిడ్డకు కనిపించకుండా ఏర్పాటు ఉంటుంది. న్యాయస్థానం కేసు స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు కావాలని, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలని చట్టం చెబుతోంది. బిడ్డ పేరు, చిరునామా, ఫొటో, చదివే బడి, కుటుంబ వివరాలు ఏ పత్రికలోనూ రాకూడదు. ఎవరి బిడ్డో గుర్తుపట్టే వీలుంటే ఆ నాట్యాలయం పేరు కూడా అందులోకే వస్తుంది.