స్తూపం నుండి పగోడా వరకు: తెలుగునేల, చైనా బౌద్ధ నిర్మాణాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
చైనా బౌద్ధాలయాలలోని పగోడాకు మూలం భారతీయ స్తూపం. అయితే రూపంలో ఈ రెండింటికీ పోలిక కనిపించదు. స్తూపంలోని ఏ అంశాలు చైనాలో నిలిచాయో, ఏవి స్థానం మార్చుకున్నాయో నాగార్జునకొండ నిర్మాణాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్తూపం, పగోడా, హర్మిక, ధాతుగర్భం, నాగార్జునకొండ.

1. ఉపోద్ఘాతం:
బాన్సువాడకు సమీపంలోని బోధన్‌ను ప్రాచీన అశ్మక జనపద రాజధానిగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. అశ్మక ప్రాంతంలో, గోదావరీతీరాన నివసించిన బావరి తన పదహారుగురు శిష్యులను బుద్ధుని వద్దకు పంపినట్లు సుత్తనిపాతం చెబుతుంది. తరువాతి శతాబ్దాలలో కృష్ణాతీరం ప్రధాన బౌద్ధకేంద్రమైంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఉపాసిక బోధిశ్రీ వేయించిన నాగార్జునకొండ శాసనం, థేరవాద ఆచార్యులు ధర్మప్రచారం చేసిన దేశాలలో 'చీన'ను కూడా పేర్కొంది. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకాన్ని దర్శించాడు.

2. స్తూప నిర్మాణం:
వేదిక, దానిపై అర్ధగోళాకారపు అండం, ఆపై చతురస్రమైన హర్మిక, ఛత్రం అనేవి స్తూపంలోని ప్రధాన భాగాలు. కృష్ణాలోయ స్తూపాలకు నాలుగు దిక్కులా ఆయక వేదికలు, ఒక్కొక్క వేదికపై అయిదేసి స్తంభాలు ఉండటం ప్రత్యేకత. నాగార్జునకొండ మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. దాని పునాది ఆకులున్న చక్రంలా ఉంటుంది. భక్తుడు దీని చుట్టూ ప్రదక్షిణ చేస్తాడే తప్ప లోపలికి ప్రవేశించడు.

3. పగోడాగా పరిణామం:
చైనాలో హాన్ వంశకాలం నాటికే బహుళ అంతస్తుల కొయ్య గోపురాలు ఉన్నాయి. బౌద్ధం ఆ దేశీయ రూపాన్ని స్వీకరించి, దాని శిఖరాన స్తూపాన్ని నిలిపింది. పగోడా కొనపై బోర్లించిన గిన్నె వంటి భాగం అండానికి, దానిపై వరుసగా పేర్చిన లోహవలయాలు ఛత్రావళికి ప్రతిరూపాలు. అంటే, నేలపై విస్తరించిన స్తూపం అక్కడ గోపుర శిఖరంగా కుదించుకుపోయింది. పగోడాకు చైనా భాషలోని 'తా' అనే పేరు కూడా ప్రాకృత 'థూప' శబ్దభవమే. 523లో నిర్మించిన సోంగ్యూ ఇటుక పగోడా పన్నెండు భుజాలతో, పదిహేను చూరు వరుసలతో నేటికీ నిలిచి ఉంది.

ధాతువుల స్థానమూ మారింది. చైనాలో వాటిని పగోడా అడుగున భూగర్భ గదిలో భద్రపరచే సంప్రదాయం ఏర్పడింది. 874లో మూసివేసిన ఫామెన్ ఆలయ భూగర్భ గది 1987లో బయటపడినప్పుడు, బుద్ధుని వేలి ఎముకగా పూజలందుకున్న ధాతువు అందులో లభించింది. హ్యూయన్‌త్సాంగ్ భారతదేశం నుండి తెచ్చిన గ్రంథాలు, ప్రతిమల కోసం 652లో చాంగాన్‌లో ఇటుక పగోడా నిర్మించారు. ఇక్కడ ధర్మగ్రంథాలకు సైతం ధాతువులతో సమానమైన గౌరవం దక్కింది.

4. స్తూపమా, ప్రతిమా?
లోయాంగ్‌లో 516లో వెలసిన యోంగ్నింగ్ ఆలయానికి పగోడాయే కేంద్రం. కొయ్యతో కట్టిన ఆ పగోడా 534లో దగ్ధమైంది. కాలక్రమంలో ప్రతిమాలయానికి ప్రాధాన్యం పెరిగింది. 857 నాటి ఫోగువాంగ్ ఆలయ తూర్పు మందిరం ఇందుకు నిదర్శనం. నాగార్జునకొండలోనూ కొన్ని విహారాలలో రెండు చైత్యగృహాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానిలో స్తూపం, మరొకదానిలో బుద్ధప్రతిమ పూజలందుకున్నాయి. ఆరాధనలో ఒకే విధమైన మార్పు రెండు దేశాలలో వేర్వేరు నిర్మాణ పరిష్కారాలకు దారితీసింది. 1056 నాటి యింగ్‌షియన్ కొయ్య పగోడా ఈ రెండింటినీ సమన్వయించింది. సుమారు 67 మీటర్ల ఎత్తున్న ఈ పగోడా ఆలయానికి కేంద్రంగా ఉంటూనే, తన అంతస్తులలో ప్రతిమలకు చోటిచ్చింది.

5. ముగింపు:
బాహ్యరూపాన్ని మాత్రమే ప్రమాణంగా తీసుకుంటే స్తూపానికీ పగోడాకూ ఉన్న బంధుత్వం మరుగున పడుతుంది. ధాతునిక్షేపం, ఆరాధనాకేంద్రం, శిఖరం అనే మూడు అంశాలను విడివిడిగా పోల్చినప్పుడే ఆ సంబంధం స్పష్టమవుతుంది. తెలుగునేలలోని బౌద్ధస్థలాలను ఆసియా వాస్తుచరిత్రలో భాగంగా అధ్యయనం చేయడానికి ఈ పద్ధతి ఉపకరిస్తుంది.