మోకాటి నీరు – సూదిమందు

మోకాలు వాచి నీరు పట్టినపుడు, సూదితో దానిని తీసెదనని వైద్యుడనగానే మన యిండ్లలో పెద్దలు వలదందురు. ఒకసారి తీసినచో మరల మరల ఊరుననియు, కాలిలోని బలమంతయు దానితో పోవుననియు వారి భయము. నొప్పి తగ్గుటకు మందెక్కించెదననినచో మాత్రము వెంటనే కాలు చాపుదురు! ఈ రెండింటిలో ముందుగా కోరదగినది మొదటిదే యని మా యభిప్రాయము.

ఆరోగ్యముగా నున్న మోకాటిలోను కొలది మిల్లీలీటరుల నీరుండును. అది కందెనవంటిది. కీలులోపలి పొర రేగినపుడు ఆ నీరు హెచ్చును. తీసినందున నీరు ఊరదు. ఊరించు కారణము లోపల నిలిచియున్నందున ఊరును. తీసిన నీరే ఆ కారణమును చెప్పును. అరిగిన కీలునుండి గడ్డిరంగు తేటనీరు వచ్చును. నెత్తురు వచ్చిన దెబ్బయో, నెత్తురు గడ్డకట్టని వ్యాధియో యని యోచింతురు. గౌటు అను వాతమున సూదులవంటి స్ఫటికములు సూక్ష్మదర్శినిలో అగపడును. 1961లో మెకార్టీ, హాలెండరు అను అమెరికా వైద్యులు ఈ సంగతిని ప్రకటించిరి.

నీరు మసకబారి చీమువలె నున్నచో ప్రమాదము. సూక్ష్మజీవులు చేరిన కీలులో ఎముకల కొనల నుండు మృదులాస్థి కొన్ని దినములలోనే చెడిపోవును. అట్టి కీలులో స్టెరాయిడు మందు వేయుట కీడు. కావున మోకాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, జ్వరము వచ్చి, కాలు మోపలేకున్నచో ఆముదపుటాకు కట్టి రేపు చూతమనరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

ఇక స్టెరాయిడు మాట. ఆ హాలెండరే ఫిలడెల్ఫియాలో కీళ్లలోనికి హైడ్రోకార్టిసోను ఎక్కించి, దాని ఫలితములను 1951లో ప్రకటించెను. వాపు తగ్గి కొన్ని వారములు సుఖముండును గాని అరుగుదల మానదు. 2017లో వెలువడిన యొక పరిశోధనలో 140 మంది మోకాళ్లకు మూడేసి నెలల కొకసారి రెండేండ్లు సూది వేసిరి. కొందరికి స్టెరాయిడు, కొందరికి ఉప్పునీరు. స్టెరాయిడు పొందినవారి మృదులాస్థియే ఎక్కువగా తరిగినది. నొప్పిలో భేదము కానరాలేదు. నొప్పి వచ్చినపుడెల్ల సూది యడుగు సోదరీమణులు దీనిని గమనింపవలెను.

మధుమేహము గలవారికి ఈ మందు వలన కొన్ని దినములు చక్కెర పెరుగును. నెత్తురు పలుచనచేయు మందులు తినువారు ఆ సంగతి ముందే చెప్పవలెను. చర్మమును శుభ్రపరచి, మొద్దుబార్చి, చిప్ప ప్రక్కనుండి సూది దింపుదురు; కొలది నిమిషముల పని. తరువాత ఒకటి రెండు దినములు బరువులు మోయరాదు. ఆ దినములలో బిందెలు మగవారు మోసిన తప్పులేదు. మొదటి దినమున నొప్పి కొంత హెచ్చుట కలదు. అది నానాటికి పెరిగి జ్వరము తోడైనచో వెంటనే వైద్యునికి చూపవలెను.