కేబుల్ లేకుండా ఫోన్ నుంచి కంప్యూటర్‌కు

ఫోన్‌లో ఉన్నది కంప్యూటర్‌లోనూ ఉండాలి, ఒకచోట మార్చింది రెండోచోటా మారాలి. సింక్ అంటే ఇదే. కేబుల్ లేకుండా దీనికి రెండు దారులున్నాయి. ఇంటర్నెట్ మీదుగా క్లౌడ్‌కు పంపి తెచ్చుకోవడం ఒకటి, గదిలోని వైఫై మీద నేరుగా పంపుకోవడం మరొకటి.

ఒమన్‌లోని తెలుగువారికి రెండో దారి బాగా అక్కరకొస్తుంది. రువీలో ఉన్నా, సోహార్‌లో ఉన్నా, సలాలాలో ఉన్నా చాలామందికి పాస్‌పోర్టు, వీసా, రెసిడెంట్ కార్డు కాపీలు ఫోన్‌లోనే ఉంటాయి. ఫోన్ పోతే అవీ పోతాయి. ఒమన్‌టెల్, ఉరీడూ, వొడాఫోన్‌లలో ఏ సిమ్ వాడినా ప్రీపెయిడ్ ప్యాక్‌లో డేటా చూసుకుని వాడాల్సిందే. నేరుగా పంపితే ఆ డేటా ఖర్చు కాదు.

బ్లూటూత్ కూడా నేరుగా పంపేదే కానీ నెమ్మది. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఒక జీబీ వీడియో వెళ్లడానికి గంట దాటుతుంది. సెకనుకు 200 మెగాబిట్లు అందే వైఫైలో అదే వీడియోకు 40 సెకన్లు చాలు.

ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ కంప్యూటర్ ఉన్నవారు క్విక్ షేర్ వాడవచ్చు. నియర్‌బై షేర్‌కు 2024లో వచ్చిన కొత్త పేరే ఇది. కంప్యూటర్‌లో ఆ యాప్ వేసుకుని రెండింటినీ ఒకే వైఫైకి కలపాలి. ఫోన్‌లో ఫొటో తెరిచి షేర్ నొక్కితే కంప్యూటర్ పేరు కనిపిస్తుంది. ఇది పంపడమే తప్ప సింక్ కాదు. ఒక ఫోల్డర్ దానంతటదే సింక్ కావాలంటే సింక్‌థింగ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఐఫోన్‌కు వైఫై సింక్ 2011లో ఐఓఎస్ 5తో వచ్చింది. మొదటిసారి మాత్రం కేబుల్ పెట్టి, వైఫైలోనూ ఫోన్ కనిపించేలా టిక్ పెట్టాలి.

వైఫై ఒకటే అయినా కంప్యూటర్ పేరు కనిపించకపోవడం తరచూ ఎదురయ్యే చిక్కు. హోటళ్లలో, కొన్ని వసతి గృహాల్లో ఒక పరికరం మరోదాన్ని చూడకుండా రూటర్‌లోనే అడ్డు పెడతారు. అది భద్రత కోసమే. అలాంటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్‌ను దానికి కలపాలి. మొబైల్ డేటాను ముందే ఆపేయాలి, లేదంటే విండోస్ అప్‌డేట్లు ప్యాక్‌ను తినేస్తాయి. ఇంట్లో వైఫై అయితే విండోస్‌లో ఆ నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని ఉందేమో చూసి ‘ప్రైవేట్’గా మార్చాలి.

పదిమంది ఉండే గదిలో క్విక్ షేర్‌ను ‘అందరికీ’ అని వదిలేయకూడదు, ‘మీ పరికరాలు’ అని పెట్టుకోవాలి. ఆఫీసు కంప్యూటర్‌లోకి పాస్‌పోర్టు కాపీలు సింక్ చేయకపోవడం మేలు.

కాంటాక్టులకు గూగుల్ ఖాతా చాలు, వాటికి ఖర్చయ్యే డేటా స్వల్పం. ఇంటి నంబర్లన్నీ +91తో సేవ్ చేస్తే ఒమన్ సిమ్ నుంచీ కలుస్తాయి. ఫొటోలకు మాత్రం స్థలం చాలదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని మెయిల్, డ్రైవ్, ఫొటోలు పంచుకోవాలి. 2021 జూన్ 1 నుంచి అప్‌లోడ్ చేసే ఫొటోలూ ఆ లెక్కలోకే వస్తాయి.

సింక్‌ను బ్యాకప్ అనుకుని మోసపోయేవారు ఎక్కువ. బ్యాకప్ అయిన ఫొటోను ఫోన్‌లోని గూగుల్ ఫొటోస్ యాప్‌లో చెరిపితే అది ఖాతాలోంచీ పోతుంది, ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది. అందుకే ముఖ్యమైన కాగితాలను సింక్ ఫోల్డర్‌లోంచి వేరే ఫోల్డర్‌కు, అక్కణ్నుంచి పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసి పెట్టుకోవాలి. శుక్ర, శనివారాల సెలవులో అరగంట చాలు ఈ పనికి.