పాత ఇంజన్లు

డీజిల్ ఇంజనును ఒక యజమాని వదిలించుకొన్నంత మాత్రాన దాని ఆయువు తీరినట్లు కాదు. అమెరికాలో 1987లో అప్పుతో ఆరంభమైన విస్కాన్సిన్ సెంట్రల్ రైలుసంస్థ, పెద్ద రైల్వేలు తొలగించిన ఎస్‌డీ-45 ఇంజన్లను చౌకగా కొని గూడ్సుబండ్లకు తగిలించింది.

ఇవి 1965–1971 మధ్య తయారైనవి. ఇరవై సిలిండర్లు, 3,600 అశ్వశక్తి వీటి సొత్తు. అయితే తొలినాళ్లలో వీటి పొడవైన క్రాంక్‌షాఫ్ట్ విరిగేది; డీజిల్ కూడా ఎక్కువే తాగేవి. పదహారు సిలిండర్లతోనే 3,000 అశ్వశక్తి లభిస్తూండగా, మిగిలిన 600 కోసం మరి నాలుగింటిని పోషించటం ఎందుకని పెద్ద రైల్వేలు భావించాయి. చమురు ధరలు పెరిగిన 1970లలో ఆ ఆలోచన సహజమే.

చిన్న సంస్థ లెక్క వేరు. కొత్త ఇంజనుకు వడ్డీ కట్టటం కంటె పాతదానికి కొంత డీజిల్ అధికంగా పోయటమే నయం. మరమ్మతులో ఆరితేరిన పనివారు లేకుంటే మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. 2001లో కెనడియన్ నేషనల్ ఆ సంస్థను కొనేనాటికి కూడా ఎస్‌డీ-45లు సరుకు లాగుతూనే ఉన్నాయి.