పరాయి బిడ్డల భారం

ఏటా జూన్ మాసంలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక దృశ్యం కనిపిస్తుంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన తల్లిదండ్రులు ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, బకెట్టుతో బస్సు దిగుతారు. వెంట పదిహేనేళ్ల కొడుకో కూతురో ఉంటారు. బిడ్డను ఇంటర్ కళాశాల హాస్టల్లో దించి సాయంత్రానికి తిరిగి వెళతారు. ఆ రాత్రి నుంచి ఆ బిడ్డ మనసు ఎవరి పూచీ?

వార్డెనుది, అధ్యాపకునిది. వారి చేతికొచ్చింది ఫీజు రశీదు కాదు, అమానతు. రేపు అల్లాహ్ సన్నిధిలో దాని గురించి ప్రశ్న తప్పదు.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ల బాలుడుగా ఉన్నప్పుడు తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఆయన్ను దైవప్రవక్త (స) సేవకు అప్పగించారు. ఆ పదేళ్లలో ప్రవక్త (స) తనను ఒక్కసారైనా విసుక్కోలేదనీ, ఇదెందుకు చేశావని నిలదీయలేదనీ అనస్ (రజి) తరువాత చెప్పారు. అప్పగించిన బిడ్డను చూసుకోవలసిన తీరు ఇదే.

అయితే ఇది తేలిక పని కాదు. అన్నం ముందు మౌనంగా కూర్చున్న పిల్లవాడి ముఖం ఉపాధ్యాయుని వెంట ఇంటిదాకా వస్తుంది, నమాజులోనూ గుర్తొస్తుంది. ఆ బాధ భరించలేక కొందరు గుండె రాయి చేసుకుంటారు, దానికే క్రమశిక్షణ అని పేరు పెడతారు. హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారుని కోసం కళ్లు తెల్లబడేదాకా దుఃఖించారు. తన వేదనను అల్లాహ్‌కే విన్నవించుకున్నారు. కన్నీరు సహనానికి వ్యతిరేకం కాదని మనం గ్రహించాలి.

2023 జూలైలో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల బాలిక ప్రాణం కోల్పోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరుచేయరాదు. భారం ఒక్క వార్డెను భుజాల మీద వదలకూడదన్నదే ఇందులోని సారమని మేము భావిస్తున్నాం.

తల్లిదండ్రులారా! ఫోనులో ముందు మార్కులు అడక్కండి, అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా అని అడగండి. ఉపాధ్యాయులారా! మోయలేనప్పుడు తోటివారితో చెప్పుకోండి. పిల్లలైనా పెద్దలైనా మనసు కుంగినప్పుడు 14416కు ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు. సాయం కోరడం విశ్వాస లోపం కాదు. పరాయి బిడ్డ కోసం తల్లడిల్లే హృదయాలకు అల్లాహ్ బలాన్నీ ఊరటనూ ప్రసాదించుగాక!